రీళ్ల డబ్బాల బరువు

1000 అడుగుల 35 ఎం.ఎం. రీలు రెండున్నర కిలోల దాకా తూగేది. తెర మీద అది ఆడేది 11 నిమిషాలు. రెండున్నర గంటల సినిమా అంటే 14 రీళ్లు. డబ్బాలతో, ఆ డబ్బాలు సర్దే రేకు పెట్టెతో కలుపుకుంటే ఒంటిచేత్తో లేచే బరువు కాదు. ఫిల్మ్‌నగర్ ఎడిటింగ్ గదుల్లో అసిస్టెంటుగా పనిచేసిన రోజుల్లో సినిమా నాకు ముందు భుజాలకు తెలిసింది, ఆ తర్వాతే కళ్లకు.

డబ్బా అంటే తగరం పూత పూసిన పల్చటి ఉక్కు రేకు. పళ్లెం మీద పళ్లెం బోర్లించినట్టు గుండ్రంగా ఉండేది. కొత్తలో మొహం కనిపించేంత తళతళలాడేది. రెండు వానాకాలాలు గడిస్తే అంచుల్లో తుప్పు మొదలయ్యేది. మూత చుట్టూ టేపు వేసి, పైన కాగితం అంటించి చిత్రం పేరు, రీలు నంబరు, సీన్లు రాసేవాళ్లం. నా చేతిరాత బాగుంటుందని మా ఎడిటర్ గారు ఆ పని నాకే అప్పజెప్పారు. మూతను ఒక పక్కనే లాగితే ఇరుక్కుపోయేది. రెండు అరచేతులూ ఆనించి మెల్లగా తిప్పుతూ ఎత్తాలి. తొందరపడితే వేలు తెగేది. "పని ఆలస్యమైనా ఫరవాలేదు గానీ మూతలు మాత్రం మార్చకురా" అనేవారాయన. తొమ్మిదో రీలు ఆరో రీలు మూత కిందికి వెళ్లిందంటే ఎక్కడో ఒక ఊళ్లో కథంతా తలకిందులయ్యేది మరి.

విడుదలకు ముందు రాత్రుళ్లు ల్యాబ్ దగ్గర నిద్ర ఉండేది కాదు. బంజారాహిల్స్‌లో ప్రసాద్ ల్యాబ్ నుంచి ప్రింట్లు బయటికి వచ్చేవి. నైజాంకు ఇన్ని, సీడెడ్‌కు ఇన్ని, ఆంధ్రాకు ఇన్ని అని పెట్టెలు విడిపోయేవి. విజయవాడ వెళ్లేవి గాంధీనగర్ ఆఫీసులకు చేరేవి. పెట్టె వెంట రిప్రజెంటేటివ్ వెళ్లేవాడు. బస్సులో పెట్టె మీదే తల పెట్టుకుని పడుకుని, ఊరు చేరగానే ఆపరేటర్‌కు అప్పగించి, ఆడినన్నాళ్లూ అక్కడే ఉండి, ఏ ఆటకు ఎన్ని టికెట్లు తెగాయో లెక్క రాసి పంపేవాడు. మా గదికి వచ్చిపోయే ఒక పెద్దాయన్ను అందరం బాబాయ్ అనేవాళ్లం. ఆయన కుడి అరచేతిలో పెట్టె పిడి ఒరుసుకుని కాయ కట్టింది. చిన్న ఊళ్లలో ఒకే ప్రింటుతో రెండు థియేటర్లలో ఆట వేసేవారు. ఇక్కడ ఒక రీలు అయిపోగానే డబ్బాను సైకిల్ మీద పెట్టుకుని అక్కడికి తొక్కాలి. ఆ సైకిల్ కోసం ఇంటర్వెల్ సాగదీసిన ఆటలు ఎన్నో. ఆ మనుషుల పేర్లు ఏ టైటిల్ కార్డులోనూ పడలేదు.

మా ఎడిటింగ్ గదిలో ఉండే యంత్రం మూవియోలా. ఆకుపచ్చ రంగు వేసిన ఇనుప ఒళ్లు, కింద పెడలు, పైన చిన్న అద్దం. ఫిల్ము అంచుల్లో ఉండే రంధ్రాలను ఉక్కు పళ్లు ఒక్కొక్కటిగా పట్టుకుని లాగుతుంటే కుట్టుమిషన్ కంటే గట్టిగా చప్పుడయ్యేది. ఫ్రేముకు నాలుగు రంధ్రాలు, సెకనుకు 24 ఫ్రేములు. ఆ లెక్క చెవికి అలవాటైపోయి, యంత్రం ఏ కొంచెం తడబడినా తల తిప్పకుండానే తెలిసేది. పక్కన స్ప్లైసర్ ఉండేది. పదునైన బ్లేడు, ఫిల్ము కదలకుండా పట్టుకునే నాలుగు పిన్నులు, టేపు, అంతే. కత్తిరించిన ముక్క పారేయడానికి లేదు. నంబరు వేసి బిన్‌లో వేలాడదీయాలి. ఎడిటర్ గారు మళ్లీ అడిగితే అరనిమిషంలో అందించాలి. ఒక్క కట్ వేయడానికి ముందు ఆయన ఎంతసేపు ఆలోచించేవారో నాకు తెలుసు. బ్లేడు దిగాక మళ్లీ అతికించవచ్చు గానీ అతుకు కనిపిస్తుంది. ఆ భయంలోంచి ఒక క్రమశిక్షణ వచ్చింది. కంప్యూటర్ వచ్చాక పని సులువైంది, కాదనను. కానీ కట్‌కు ముందు ఆగి ఆలోచించడం నేర్పింది ఆ చిన్న బ్లేడే అని ఇప్పటికీ నమ్ముతాను.

ఈ జూబ్లీహిల్స్ గుట్టల మీదికి సినిమా ఊరికే రాలేదు. మద్రాసు వదిలి వచ్చిన అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియో 1976లో తలుపులు తెరిచింది. ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో 1989లో వచ్చింది. అప్పటికి జూబ్లీహిల్స్ ఎటు చూసినా బండలే. పునాది తీయాలంటే ముందు బండ పగలాలి. వడ్డెరలు పొద్దున్నే వచ్చి రాతి మీద వరసగా రంధ్రాలు తొలిచి, వాటిలో ఉక్కు చీలలు దించి, సమ్మెటతో ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకుంటూ పోయేవారు. చాలాసేపు ఏమీ జరిగేది కాదు. తర్వాత బండ లోపలి నుంచి సన్నటి చప్పుడొకటి వచ్చి, ఏనుగంత రాయి గీత గీసినట్టు రెండుగా విడిపోయేది. సాయంత్రం చిన్న కొలిమి రాజేసి మొద్దుబారిన ఉలుల మొనలు కాచి సాగగొట్టి, నీళ్లలో ముంచేవారు. ఎంతసేపు కాచాలో, ఏ రంగు వచ్చాక ముంచాలో చెప్పేందుకు వాళ్ల దగ్గర పుస్తకం లేదు, కళ్లే ఉన్నాయి.

ఆ కళ్లకు మన నేలలో పెద్ద వంశం ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుమును మూసిపెట్టి, రోజంతా కొలిమిలో కాచి ఉక్కు ముద్దలు తీసేవారు. డమాస్కస్ కత్తులుగా పేరు మోసిన వాటికి ఇటువంటి దక్కను ఉక్కే ముడిసరుకు. పంతొమ్మిదో శతాబ్దం తొలి రోజుల్లో భూగర్భ శాస్త్రవేత్త వాయిసీ ఆ ఊరు వెళ్లినప్పుడు, ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు అక్కడే మకాం వేసి దగ్గరుండి ఉక్కు చేయించుకోవడం చూశాడు. ఆ కొలుములు ఆరిపోయాయి. జూబ్లీహిల్స్ ఉలుల చప్పుడూ ఆగిపోయింది. ఇప్పుడు బండ పగలాలంటే యంత్రం వస్తుంది, వీధి వీధంతా అదురుతుంది.

ఇంట్లోనూ ఉక్కు ఉండేది. మా కుటుంబం మద్రాసు కోడంబాకం నుంచి సామాను సర్దుకుని వచ్చినప్పుడు అమ్మ అన్నిటికంటే జాగ్రత్తగా కట్టించింది ఎవర్‌సిల్వర్ సామాన్లను. ప్రతి గిన్నె మీద పేరు ఉండేది. కొట్టువాడు చిన్న ఉలితో, బుల్లి సుత్తితో చుక్క చుక్కగా పేరు కొట్టి ఇచ్చేవాడు. పెళ్లికి వచ్చినవి, గృహప్రవేశానికి వచ్చినవి, ఎవరిచ్చారో, ఏ తారీఖో అన్నీ గిన్నెల అడుగునే చదువుకోవచ్చు. వీధిలో పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చే ఆడవాళ్లు వస్తే అమ్మ గంటసేపు బేరమాడేది. జరీ చీరకు ఒక గిన్నె ఎక్కువ రావాలి. వాళ్ల కేక వీధుల్లో వినబడి చాలా ఏళ్లయింది.

షూటింగుల్లోనూ టీ స్టీలు గ్లాసులోనే వచ్చేది. హీరోకు, లైట్‌మ్యాన్‌కు అదే గ్లాసు. ప్రొడక్షన్ కుర్రాడు కడిగి బోర్లించిన గ్లాసులు ఎండలో మెరిసేవి. మధ్యాహ్నం పెద్ద పెద్ద క్యారియర్లు దిగేవి. ఇప్పుడు కాగితం కప్పులు, అట్టపెట్టెలు. రోజూ వాటిని కుప్పలుగా పారేస్తున్నారు. ఈ ఒక్క మార్పును మాత్రం నేను ఒప్పుకోలేను. స్టీలు గ్లాసులు తిరిగి రావాలి.

ఔట్‌డోర్ యూనిట్ బండి దిగితే ముందు కనిపించేవి ట్రాలీ పట్టాలు. నేల ఎత్తుపల్లాలను చెక్క ముక్కలతో సరిచేసి, కీళ్లు కలిపి, చప్పుడు రాకుండా పట్టాల మీద పౌడరు చల్లి, ఇద్దరు మనుషులు ట్రాలీ తోసేవారు. పాటైతే గుండ్రటి పట్టాలు వేసేవారు. తోసేవాడి అడుగులో తాళం తప్పితే షాట్ పాడయ్యేది. కృష్ణానగర్ గదుల్లో ఉండే ఆ మనుషులకు సంగీతం రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పట్టాలు ఇంకా పూర్తిగా పోలేదు. కానీ చేత్తో పట్టుకుని పరుగెత్తే గింబల్, పైన ఎగిరే డ్రోన్ వచ్చాక వాటికి పిలుపు తగ్గింది.

ఊరంతా చూసేలా నిలబెట్టిన ఇనుము మరో రకం. హోర్డింగులంటే ఇనుప యాంగిల్స్ మీద బిగించిన రేకులు. పెయింటర్ గళ్లు గీసుకుని, ఒక్కో గడిలో కన్నో మీసమో వేసుకుంటూ పోయేవాడు. దగ్గరినుంచి అంతా రంగు మరకలే. రోడ్డుకు అవతల నిలబడితే ఎన్టీఆర్ నవ్వుతూ కనిపించేవారు. సినిమా పోగానే అదే రేకు మీద తెల్ల రంగు పూసి తర్వాతి హీరోను వేసేవారు. అలా ఒక్కో రేకు కింద ఎన్ని మొహాలున్నాయో. ఫ్లెక్సీ వచ్చాక ఆ పెయింటర్లలో చాలామంది కుంచె కింద పెట్టారు.

ఇప్పుడు జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 చివర జనం చూడడానికి వచ్చేది దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. 2020 సెప్టెంబరు 25న తెరిచారు. 56 ఉక్కు తీగలు, నడుమ స్తంభమన్నది లేకుండా 233 మీటర్లకు పైగా నీటి మీద సాగిన దారి. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023లో తెరిచిన తెలంగాణ అమరుల స్మారకం కూడా దీపం ఆకారంలో స్టెయిన్‌లెస్ స్టీలే. రెండూ అందమైనవే. రాత్రి దీపాల్లో ఆ తీగలను చూస్తే నాకూ గర్వంగా ఉంటుంది. కళ్లకు కట్టే ఉక్కును ఇంత శ్రద్ధగా నిలబెట్టుకున్న ఊరు, చేతులు అరగదీసిన ఉక్కును మాత్రం తూకానికి వేసింది. నాకు బాధ అక్కడే.

అది జరిగిన తీరు చూశాను. 2005 ప్రాంతంలో డిజిటల్ ప్రొజెక్షన్ మొదలైంది. 2012లో కొడాక్ దివాలాకు వెళ్లింది. 2013లో ఫూజీ సినిమా ఫిల్ము తయారీ ఆపేసింది. ఆ తర్వాత ప్రింటు తీసే పనే లేకుండా పోయింది. ప్రొజెక్టర్లు, మూవియోలాలు, రీవైండర్లు, డబ్బాలు పాతసామాన్ల బండ్లు ఎక్కాయి. డబ్బాలో ఫిల్ము ఉందో లేదో చూడకుండానే కిలోల లెక్కన ఇచ్చేసినవారూ ఉన్నారు. మన తొలి టాకీ, 1932 నాటి 'భక్త ప్రహ్లాద'కు ఒక్క ప్రింటు కూడా మిగల్లేదు. అప్పుడు తెలియక పోగొట్టుకున్నాం. ఇప్పుడు తెలిసీ పోగొట్టుకోకూడదు. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ అన్నపూర్ణ స్టూడియోలోనే ఫిల్ము పరిరక్షణ శిక్షణ శిబిరం పెట్టింది. 2024లో అక్కినేని శతజయంతికి ఆయన పాత చిత్రాలు పది దేశమంతటా థియేటర్లలో ఆడాయి. ఎక్కడో ఎవరో డబ్బాలు దాచబట్టే అది వీలైంది.

నిర్మాతల వారసులకు, పాత థియేటర్ల యజమానులకు, ఎడిటర్ల ఇళ్లవాళ్లకు ఒక్క మనవి. మీ అటక మీద, గోడౌన్లో తుప్పు పట్టిన డబ్బా కనిపిస్తే బలవంతంగా పొడిచి తెరవకండి. పుల్లటి వెనిగర్ వాసన వస్తే కిటికీలు తీయండి, ఫిల్మును లాగకండి. దాన్ని మంచి డబ్బాలోకి మార్చి, పొడిగా, చల్లగా ఉన్న చోట పడుకోబెట్టి ఉంచండి. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది, వాళ్లకు కబురు చేయండి. మూవియోలా ఉంటే ఇనుప కొట్టుకు వేయకండి. ఫిల్మ్‌నగర్‌లో వాటిని నిలబెట్టడానికి ఒక హాలు చాలు, నడిపి చూపించడానికి మాలాంటివాళ్లం ఇంకా ఉన్నాం.