నడిరేయి ఆకలి

శీతకాలంలో షికాగోకు, మనకు 11 గంటల 30 నిమిషాల అంతరం. శంషాబాదులో విమానం దిగి, 65వ జాతీయ రహదారిపై సూర్యాపేటకో కోదాడకో చేరిన పసివాడు రాత్రి రెండింటికి లేచి అన్నమడిగితే అది మొండితనం కాదు. వాడి దేహానికది మధ్యాహ్నం రెండున్నర. ఆ లోపలి గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పునే సర్దుకుంటుంది. మూడు వారాల సెలవులో పది రోజులు దీనికే పోతాయి. దాదీకి, నానీకి దక్కేవి మిగిలినవే!

జాలిపడి అస్ర్ దాకా పడుకోనిస్తే ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. జుహ్ర్ తరువాత ఒక గంట నిద్ర చాలు. ఆపై పగటి వెలుగులోకి తీసుకువెళ్ళండి. మిర్యాలగూడ వారికి చేరువలోనే సాగర్ ఎడమ కాలువ గట్టుంది. చేయి మాత్రం విడవకండి. రాత్రి లేచినప్పుడు దీపాలన్నీ వెలిగించవద్దు, ఫోను ఇవ్వవద్దు, గుప్పెడన్నం పెట్టండి. ఫజ్ర్ అజాన్‌కు మెలకువగా ఉంటే దాదా వెంట మస్జిదుకు పంపండి.