నలుపు కింద ఏముంది?

మొన్న మే నెలలో మూడు రోజులు సెలవడిగితే మా మేనేజరు "పెళ్ళిచూపులా?" అన్నాడు. టీమంతా అదే ఫిక్సయిపోయింది. నిజం చెప్తే ఎలాగూ నమ్మరని ఊరుకున్నా. నిజమేంటంటే, నేను వెళ్ళింది పుట్టికి తారు పూయడానికి :)

మా పెద్దమామది ఎమ్మిగనూరు అవతల తుంగభద్ర ఒడ్డునున్న చిన్న ఊరు. బెంగళూరులో రాత్రి రైలెక్కి తెల్లవారకముందే ఆదోనిలో దిగా. మామ ఫోన్లో చెప్పిన లిస్టు ఇదీ: ఐదు కిలోల తారు, పురికొస, రెండు బ్రష్షులు. అంగళ్ళు తెరిచేదాకా స్టేషన్లోనే కూర్చుని, అవన్నీ కొనుక్కుని ఎమ్మిగనూరు బస్సెక్కా. పక్క సీటాయన డబ్బా చూసి "ఏం నాయనా, ఇల్లు కారుతాందా?" అన్నాడు. "లేదు, పుట్టి" అన్నా. వెంటనే అర్థమైపోయింది ఆయనకి. అదే బెంగళూరులో అయితే పుట్టి అంటే ఏంటో చెప్పడానికి బొమ్మ గీయాలి.

గీయకుండా చెప్పాలంటే, పుట్టి అంటే గుండ్రటి పెద్ద బుట్ట. వెదురు బద్దలతో అల్లి, బయటివైపు నీళ్ళు చొరబడకుండా కప్పు వేస్తారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పేస్ ఇదే తుంగభద్ర మీద ఇలాంటి పడవలే చూశాడు. తోలు కప్పినవి, పదిహేను ఇరవై మందిని మోసేవి, తిన్నగా పోకుండా గిరగిరా తిరిగేవి అని రాశాడు. ఐదొందల ఏళ్ళ తర్వాత మా మామ పుట్టీ అలాగే తిరుగుతుంది. తోలు పోయి యూరియా సంచులు వచ్చాయి, వాటి మీద తారు. అంతే తేడా!

2009 అక్టోబర్ వరదల్లో నాగలదిన్నె వంతెన కొట్టుకుపోయినప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆ తర్వాత అవతలి ఒడ్డు చుట్టాల ఇంటికి మామ పుట్టిలోనే వెళ్ళేవాళ్ళం. అందుకే దానికి దెబ్బలు తగిలాయంటే మనసొప్పలేదు. దెబ్బలెలా తగిలాయంటారా? 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది కదా. నీళ్ళొస్తున్నాయని తెలిసి పుట్టిని హడావుడిగా రాళ్ళ మీదుగా ఈడ్చి పైకి చేర్చారు. నల్లటి అడుగున తెల్లటి గీతలు, అక్కడక్కడా తారు పెచ్చులూడి సంచి బయటపడింది.

నేను చదివింది మెకానికల్, రాసేది జావా. అయినా ఇంజినీర్ని కదా, ఆ మాత్రం చేయలేనా అనుకున్నా. పుట్టి బోర్లించి, తారు కాచి, గీతలన్నీ కనబడకుండా ఒక గంటలో పూసేశా. నిగనిగలాడిపోతోంది. ఫోటో కూడా తీసుకున్నా.

మామ వచ్చి చూశాడు. ఏమీ అనలేదు. పుట్టిని ఒకవైపు ఎత్తి, కిందికి దూరి, లోపలినుంచి బొటనవేలితో ఒక్కో బద్దా నొక్కుకుంటూ పోయాడు. ఒకచోట టప్‌మని విరిగింది.

"చూసినావా అల్లుడా? గీత పైన ఉంటాది, దెబ్బ లోపల ఉంటాది. నువ్వు గీతకు పూసినావు."

"మరి ముందే చెప్పొచ్చు కదా మామా!"

"తారు పూసేముందు చూడల్లని నీకు తెలుసనుకుంటి. చదువుకున్నోడివి కదా."

తల తీసేసినట్టయింది.

ఆ సాయంత్రమే మా అక్కావాళ్ళు చంటిపిల్లతో అవతలి ఊరికి పోవాల్సి ఉంది. నా తారు చూసి "పుట్టి కొత్తగా అయిందే!" అని మూటలు కూడా తెచ్చేశారు. మామ వద్దన్నాడు. చుట్టూ తిరిగైనా సరే బస్సులోనే పొమ్మని పంపించాడు. పాత గీతలతో ఉండుంటే వాళ్ళే అడిగేవాళ్ళు కాదేమో. నేను పూసిన నలుపే వాళ్ళకి ధైర్యమిచ్చింది. ఆ ఆలోచన వచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండో రోజు మొదటినుంచీ చేశాం. నేను పూసిందంతా గీకేశాం. పాత తారు ఎండకి గట్టిపడి పెళుసెక్కి ఉంది, అదీ రాలగొట్టాం. విరిగిన బద్దలు తీసి, నానబెట్టిన కొత్త బద్దలు దూర్చి పురికొసతో కట్టాం. చినిగినచోట సంచిముక్క వేసి కుట్టాం. తారు కాగగానే పూయబోతే మామ చెయ్యి పట్టుకున్నాడు. మరీ వేడిగా పోస్తే ప్లాస్టిక్ సంచి ముడుచుకుపోతుందట. కాస్త చల్లారనివ్వాలి, మరీ చల్లారితే అంటదు. థర్మామీటరు లేదు, పుల్లతో ఎత్తి తీగ ఎలా సాగుతుందో చూడటమే. తారు నీళ్ళని ఆపడమే కాదు, సంచిని ఎండనుంచి కూడా కాపాడుతుంది. ఎండ తగిలితే ఆ ప్లాస్టిక్ పోగులు పొడిపొడి అయిపోతాయి. అంటే గీతల్ని వదిలేసినా తప్పే, ఊరికే కప్పేసినా తప్పే.

"మామా, కొత్తది కొనిస్తా" అన్నా మధ్యలో, చేతులు బొబ్బలెక్కి.

"కొనీ. దానికీ గీతలు పడ్తాయి. అప్పుడు ఎవరు చూస్తారు?"

ఆరాక నీళ్ళలో దించి, మామ ఒక్కడే ఒక గంట తిప్పుకొచ్చాడు. లోపల తడి లేదు. అయినా "వారం చేపలకే, మనుషులు తర్వాత" అన్నాడు.

ఇంతకీ ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే.. ఆర్నెల్ల క్రితం మా ప్రాజెక్టులో ఒక నైట్ జాబ్‌లో లెక్క అప్పుడప్పుడూ తప్పేది. రిలీజు దగ్గర పడిందని ఆ ఎక్సెప్షన్ని పట్టి నోరు మూయించి, టికెట్ క్లోజ్ చేశా. లాగ్ నిగనిగలాడింది. అందరూ "సూపర్" అన్నారు. తప్పు పోలేదని నాకొక్కడికే తెలుసు.

సోమవారం వెళ్ళగానే టికెట్ రీఓపెన్ చేశా. మేనేజరు వచ్చి "ఇది క్లోజ్ చేసింది నువ్వే కదా?" అన్నాడు.

"అవునండీ. పైన తారు మాత్రమే పూశాను."

ఆయనకి అర్థం కాలేదు. చేతులకింకా నలుపు వదల్లేదు, చూపించి మొత్తం చెప్పా. తిట్లు బాగానే పడ్డాయి. పెళ్ళిచూపులు కాదని మాత్రం ఇప్పుడు అందరికీ నమ్మకం కుదిరింది :)