తీగలు లేని బేస్ గిటార్

— ఫైనల్ బి.యస్సీ. (ఫిజిక్స్) విద్యార్థి

సంగీతంలో కొన్ని వాయిద్యాలు పెళ్ళికొడుకు లాంటివి. అందరి కళ్ళూ వాటి మీదే. వేణువు, వీణ, వయొలిన్ ఆ కోవకి చెందినవి. మరికొన్ని పందిరి రాటల్లాంటివి. ఉన్నంతసేపూ వాటి వంక ఎవరూ చూడరు. ఒక్క రాట పీకి చూడండి, పందిరి ఎలా ఒరిగిపోతుందో! బేస్ గిటార్ ఈ రెండో జాతిది.

పాటకి అడుగున ఒక మంద్రస్వరం ఉండాలన్న సంగతి మనవాళ్ళకి కొత్తేమీ కాదు. కచేరీకి ముందు మృదంగం ఎడమవైపు తొప్పికి రవ్వముద్ద అంటించేది ఎందుకు? ఆ చర్మం బరువెక్కి, నాదం కిందికి దిగడానికి. తంబురాలో చివరి తీగ మంద్రంలో మోగేదీ అందుకే. సినిమా పాటల విషయానికొస్తే, ఇళయరాజా పాటల్ని ఈసారి మాటలు వదిలేసి అడుగున ఉన్న బేస్ మాత్రమే పట్టుకుని విని చూడండి. పాట కింద ఇంకో పాట నడుస్తున్నట్టుంటుంది.

ఈ వాయిద్యానికి పెద్ద చరిత్రేమీ లేదు. పూర్వం మనిషంత ఎత్తున్న డబుల్ బేస్‌ని నిలబెట్టి వాయించేవాళ్ళు. దానికి మెట్లుండవు, స్వరస్థానం వేలి అంచనా మీద ఆధారపడేది. అమెరికాలో రేడియోలు బాగుచేసుకునే లియో ఫెండర్ అనే ఆయన 1951లో మెట్లు బిగించిన ఎలక్ట్రిక్ బేస్‌ని మార్కెట్లోకి తెచ్చాడు. స్వరం కచ్చితంగా పడుతుంది గనుక దానికి 'ప్రెసిషన్ బేస్' అని పేరు పెట్టాడు. విచిత్రమేమంటే, ఆ మహానుభావుడికి గిటార్ వాయించడం రాదు! నాలుగు తీగలు. అన్నిటికంటే లావు తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. తక్కిన మూడూ 55, 73, 98 సార్లు. లెక్క ఇంతే. కాని ఈ లెక్క వెనక చాలా కథ ఉంది.

ఈ రోజుల్లో పాట రికార్డు చెయ్యడానికి స్టూడియోకి పోనక్కరలేదు. ఒక లాప్‌టాప్, ఒక మైకు, హెడ్‌ఫోన్స్ ఉంటే హాస్టల్ గదిలోనే పని అయిపోతుంది. కాని మామూలు బేస్ గిటార్ కొనాలన్నా పదీ పదిహేను వేలు పెట్టాలి. దాన్ని కంప్యూటర్‌కి తగిలించే పరికరం ఖర్చు అదనం. మా ఇంట్లో ఆ మాట ఎత్తితే, ఆ డబ్బుకి ఎన్ని ఎరువుల బస్తాలు వస్తాయో నాన్న నోటి లెక్కలోనే చెప్పేస్తారు. అందుకని నాలాంటివాళ్ళకి మిగిలేది కంప్యూటర్‌లోనే ఉండే బేస్, అనగా తీగలు లేని బేస్.

నాకు దానితో పనిపడ్డది మా అమ్మ పాట వల్ల. నాట్లప్పుడు అమ్మ, ఆమె జట్టులోని ఆడవాళ్ళు పాడే పాట ఒకటుంది. ఇప్పుడు మా ఊళ్ళో నాటు యంత్రాలొచ్చాయి. జట్లు తగ్గాయి. పాడేవాళ్ళూ తగ్గారు. ఆ పాట పోకుండా ఉంటుందని పోయిన సెలవుల్లో అమ్మ చేత పాడించి రికార్డు చేశాను. కింద ఒక డప్పు, దాని కింద ఒక బేస్ ఉంటే ఈ కాలపు పిల్లలు కూడా వింటారని నా ఆశ. అయితే ఆ బేస్ బొమ్మ బేస్‌లా మోగితే మాత్రం అమ్మ గొంతు కూడా అబద్ధంలా వినిపిస్తుంది. నిజమైన గొంతు పక్కన దొంగ వాయిద్యం ఇట్టే పట్టుబడిపోతుంది. అందుకే 'నిజంగా మోగే బేస్ ఏది?' అన్న ప్రశ్న పట్టుకుని నెలల తరబడి తిరిగాను.

తిరగ్గా తెలిసిందేమంటే, ఇవి ముఖ్యంగా రెండు రకాలు.

మొదటి రకం అచ్చు తీసినవి. ఒక వాయిద్యకారుడిని కూర్చోబెట్టి అతనిచేత ఒక్కొక్క మెట్టు మీదా ఒక్కొక్క స్వరం వాయింపించి రికార్డు చేస్తారు. మనం కీబోర్డు నొక్కితే ఆ రికార్డే పలుకుతుంది. వినడానికి తేలికే. కాని లెక్క వేసి చూడండి. నాలుగు తీగలు, తీగకి 20 మెట్లు, పైగా ఖాళీ తీగ... మొత్తం 84 చోట్లు. మెల్లగా, మధ్యరకంగా, గట్టిగా, మరీ గట్టిగా అని నాలుగు బలాలు. ఒకే రికార్డు పదేపదే మోగితే కుట్టుమిషను చప్పుడులా ఉంటుంది గనుక, ప్రతిదాన్నీ నాలుగేసి సార్లు వాయించాలి. 84ని 16తో గుణిస్తే 1344! ఇది కేవలం వేలితో మీటడానికే. అరచేత్తో అదిమి మీటడం, జారుడు, చప్పుడు మాత్రమే వచ్చే మూగ దెబ్బ — వీటికి మళ్ళీ వేరే లెక్క. అందుకే ట్రిలియన్ లాంటి పెద్ద సరుకు 30 గిగాబైట్ల పైచిలుకు ఉంటుంది. మన పాత లాప్‌టాప్ దాన్ని మొయ్యలేక ఆయాసపడుతుంది.

రెండో రకంలో రికార్డులేమీ ఉండవు. తీగ ఎలా కంపిస్తుందో ఆ భౌతికశాస్త్రాన్నే కంప్యూటర్ అప్పటికప్పుడు గుణిస్తుంది. తీగ లావు, మీటిన చోటు, వేలి మెత్తదనం అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇటలీవాళ్ళు 2016లో తెచ్చిన మోడో బేస్ ఈ కోవలోది. దీని మూలసూత్రాలలో ఒకదాన్ని కార్‌ప్లస్, స్ట్రాంగ్ అనే ఇద్దరు 1983లో ప్రకటించారు. బి.యస్సీ. విద్యార్థి ఎవరైనా పది పదిహేను వరసల ప్రోగ్రాముతో చేసి చూడొచ్చు. సెకనుకి 44,100 అంకెల చొప్పున శబ్దం నడుస్తుంది గదా, దాన్ని 41.2తో భాగిస్తే సుమారు 1070 వస్తుంది. 1070 గడుల్లో ఇష్టం వచ్చిన అంకెలు నింపండి. వాటిని గుండ్రంగా తిప్పుతూ, ప్రతిసారీ పక్కపక్క గడుల సగటు తీసి రాయండి. అంతే! మొదట బుస్సుమన్న చప్పుడు, క్షణంలో తీగ నాదమై, మెల్లగా ఆరిపోతుంది. మొదటిసారి అది విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. లాబ్‌లో సోనోమీటర్ మీద మనం విసుక్కుంటూ చేసే ప్రయోగమే ఇది, కాకపోతే చెక్కా లేదు, తీగా లేదు.

ఇంతకీ ఏది కొనాలంటారా? నా జవాబు విని నిరాశపడకండి. వాయిద్యం సగమే, చెయ్యి సగం. ప్రెసిషన్ బేస్‌ని అచ్చు తీసిన 'ఆంపుల్ బేస్ పి లైట్'ని దాని తయారీదారులే ఉచితంగా ఇస్తున్నారు. చెయ్యి తెలిసినవాడికి మొదట్లో అది చాలు. చెయ్యి తెలియనివాడికి 30 గిగాబైట్లూ దండగే.

చెయ్యి అంటే ఏమిటో తెలియాలంటే జేమ్స్ జేమర్సన్ గురించి వినాలి. అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటలకి 1960లలో బేస్ వాయించినవాడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. తీగలు మార్చేవాడు కాదు. పాతబడి, మట్టి పట్టి, మెరుపు పోయిన ఆ తీగల్లోనే అసలైన నాదం ఉందని ఆయన నమ్మకం. జనం కోట్లాదిగా విన్న పాటల్లో ఆయన వేలు ఉంది. కాని ఆ రోజుల్లో రికార్డు అట్టల మీద ఆయన పేరు లేదు. 1971లో మార్విన్ గే ఆల్బం ఒకదాని మీద గాని పేరు అచ్చవలేదు. 1983లో చనిపోయాడు. ఆయనా, ఆయన తోటి వాయిద్యకారులూ ఎవరో లోకానికి చాటుతూ 2002లో ఒక డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది. అప్పటికి ఆయన పోయి పందొమ్మిదేళ్ళు!

అలాంటి చెయ్యి చేసే పనులు కొన్ని నేను గమనించినవి చెబుతాను. బేస్ మనిషి ఒకే బలంతో రెండుసార్లు మీటడు. కీబోర్డు ఎంత బలంగా నొక్కామో కంప్యూటర్ 1 నుంచి 127 దాకా అంకె వేసుకుంటుంది. అన్నీ 100లో పెట్టేస్తే మరబొమ్మ నడకే. ఒకటి 92, ఒకటి 78, తాళం పడ్డచోట 105, ఇలా ఉండాలి. రెండోది, స్వరం ఎక్కడ మొదలైందో కాదు, ఎక్కడ ఆగిందో ముఖ్యం. డప్పు దెబ్బ పడేముందు వేలు తీగ మీద ఆనించి నాదాన్ని ఆపేస్తే, ఆ చిన్న ఖాళీలోనే ఊపు పుడుతుంది. మూడోది, ఒక తీగ మీద ఒక సమయంలో ఒక్క స్వరమే పలుకుతుంది. రెండు పలికించామా, వినేవాడికి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని తోస్తుంది. నాలుగోది, ఒకే స్వరం నాలుగు తీగల మీదా దొరుకుతుంది. పైతీగ మీద ఖాళీగా మోగే 98 కంపనాల స్వరమే లావు తీగ మీద పదిహేనో మెట్టు దగ్గరా ఉంది. శ్రుతి ఒకటే, గొంతు వేరు. సన్నతీగ మీద తేటగా, లావుతీగ మీద బొంగురుగా. మంచి ప్లగిన్‌లో ఏ తీగ మీద వాయించాలో మనమే చెప్పే వీలుంటుంది. ఏది కొనే ముందైనా అది చూసుకోండి.

అమ్మ పాట దగ్గర ఇంకో రెండు చిక్కులొచ్చాయి. మొదటిది శ్రుతి. అమ్మకి ట్యూనర్‌తో పనేముంది? ఆమె షడ్జమం రెండు మెట్ల మధ్య నిలబడింది. మా ఊళ్ళో నూరు సెంట్లయితే ఎకరం. సంగీతంలో నూరు సెంట్లయితే ఒక మెట్టు. అమ్మ గొంతు గట్టుదాటి ముప్ఫై సెంట్లు పక్క చేలోకి జరిగింది! అమ్మ గొంతుని కంప్యూటర్‌తో సర్దవచ్చు, ఆ సాధనాలూ ఉన్నాయి. కాని నేను ముట్టుకోలేదు. బేస్ శ్రుతినే ముప్ఫై సెంట్లు పైకి జరిపాను. రెండోది కాలప్రమాణం. వరస చివరికి వచ్చేకొద్దీ నడుం ఎత్తుదామన్న తొందరలో కాబోలు, పాట వేగం పెరుగుతుంది. కంప్యూటర్ గడియారం మాత్రం పెరగదు. దెబ్బదెబ్బకీ గుర్తులు పెట్టి గడియారాన్నే అమ్మ వెంట నడిపించాను. రెండు రాత్రులు పట్టింది. నిజమైన బేస్ మనిషి పక్కన ఉండి ఉంటే, అమ్మ మొహం చూస్తూ ఒక్కసారికే వాయించేసేవాడు.

తయారైన పాటని ఫోన్‌లో పెట్టి వినిపిస్తే అమ్మ అన్నమాట: "బాగానే ఉంది గాని, ఇందులో కొత్తగా పెట్టిందేమిట్రా? నాకేం తెలీడం లేదే!"

తెలియకపోవడానికి శాస్త్రీయమైన కారణం ఉంది. ఫోన్‌లోని బుల్లి స్పీకరు సుమారు 200 కంపనాల కింద దాదాపు మూగది. 41 దానికి అందనే అందదు. అయితే మరి ఫోన్‌లో సినిమా పాటల బేస్ మనకెలా తెలుస్తోంది? తీగ 41 దగ్గర ఒక్కచోటే మోగదు. 82, 123, అలా 206, 247, 288 దగ్గర కూడా దాని అనుస్వరాలుంటాయి. ఈ పైవాటి మధ్య ఎడం ఎప్పుడూ 41 గనుక, కింద పునాది స్వరం లేకపోయినా మన మెదడే దాన్ని ఊహించుకుంటుంది. ఎంత అందమైన మోసం! అందుచేత బేస్‌కి రవ్వంత గరుకుదనం కలిపి ఆ అనుస్వరాల్ని బలపరిచాను. ఈసారి అమ్మ ఏమీ అనలేదు. పాట నడుస్తుంటే కాలు మాత్రం ఆడించింది. బేస్‌కి అంతకు మించిన సర్టిఫికెట్ అక్కరలేదు.

మరొక్క మాట చెప్పి ముగిస్తాను. మన హాస్టళ్ళలో తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేర్ చేతులు మారుతూ ఉంటుంది. ఖరీదు చూస్తే ఎవరినీ తప్పు పట్టబుద్ధి కాదు. కాని ఆ 1344 స్వరాలూ ఎవరో ఒక మనిషి వేళ్ళు కాయలు కాచేలా మీటినవే. కల్లంలో ధాన్యం ఎత్తుకుపోతే రైతుకి ఎలా ఉంటుందో మాకు తెలుసు. ఉచితంగా ఇచ్చేవి ఉండగా అలాంటి పనెందుకు?

ఈ మాయా బేస్‌లు ఇంకా బాగుపడతాయి. ఏదో ఒకనాడు అసలుదానికీ దీనికీ తేడా తెలియకుండా పోవచ్చు. అప్పుడు ఆ రాట లాంటి మనిషి గతి ఏమిటి? పేరైనా అచ్చవకుండా 1960లలో ఒకాయన పడ్డ కష్టాన్ని ఇప్పుడు మొత్తం జాతికే పంచినట్టు కాదూ? నాటు యంత్రం వద్దని మా ఊళ్ళో ఎవరూ అనలేదు. నేనూ అనను. కాని యంత్రం వచ్చాక పాట ఆగిపోయింది. ఈ సంగతి మాత్రం మరిచిపోకూడదు.

అందుకని విద్యార్థి సంఘం వారికి నాదొక చిన్న మనవి. క్రీడాసామగ్రికి ఖర్చుపెట్టేదాంట్లో కొంత మిగిల్చి, కాలేజీ సంగీత బృందానికి ఒక్క బేస్ గిటార్ కొని పెట్టండి. వాయించాలని ఉండీ చెయ్యి పెట్టే వీలులేనివాళ్ళు ప్రతి బాచ్‌లోనూ ఉంటారు. అది వచ్చేలోపు, వార్షికోత్సవం కార్యక్రమ పత్రంలో గాయకుల పేర్ల కింద బేస్ వాయించినవాడి పేరు కూడా అచ్చు వెయ్యండి. వాయించింది కంప్యూటర్ అయితే, 'బేస్: కంప్యూటర్' అని నిజాయితీగా వెయ్యండి. ఆ పేరు చూసి, 'అది నేను వాయిస్తా' అని ఎవరో ఒకరు ముందుకు రాకపోతారా!