కొండ చిన్నదే కదా అని...

బొంరాస్‌పేట వైపు కొండను గుట్ట అంటారు. గొర్రెలు కాసే మనిషి గుట్టకు బయలుదేరేటప్పుడు చూడండి. నెత్తిన రుమాలు, చేతిలో కర్ర, భుజాన సద్దిమూట, నీళ్ళసీసా. పొద్దెక్కకముందే వెళ్ళిపోతాడు. అక్కడే పుట్టి పెరిగిన మనిషికే ఇంత తయారీ ఉంది!

బొంరాస్‌పేట నుంచి పరిగి మీదుగా వికారాబాదు చేరి, ఘాటురోడ్డున మరికాస్త వెళితే అనంతగిరి. మూసీనది పుట్టింది ఈ కొండల్లోనే. అనంతపద్మనాభస్వామి గుడి ఉంది, చుట్టూ అడవి ఉంది. హైదరాబాదుకు సుమారు 80 కిలోమీటర్లే కావడంతో సెలవు వస్తే చాలు, కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. ఇక్కడి గాలి మంచిదని వెనకటి రోజుల్లో క్షయరోగులకు శానిటోరియం కట్టారు. గాలి మంచిదే, కాని గాలితో దాహం తీరదు కదా!

కొత్తగా కొండలు తిరిగేవారికి వచ్చే చిక్కంతా కొండ చిన్నదనుకోవడం వల్లనే. నలుగురికీ కలిపి ఒక్క సీసా నీళ్ళు తీసుకువెళతారు. ఎండలో నడిచే మనిషికి గంటకు అరలీటరు నుంచి లీటరు దాకా చెమట పోవచ్చు. మూడు గంటల నడకకు మనిషికి రెండు లీటర్లయినా ఉండాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది. కాబట్టి ఉప్పు వేసిన మజ్జిగ గాని, ఓ.ఆర్.ఎస్. గాని దగ్గరుంచుకోండి. పెద్ద పొట్లాం లీటరు నీళ్ళకు సరిపోతుంది. సగం పొట్లాం గ్లాసులో కలుపుకు తాగేవారున్నారు, అది తప్పు.

ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే దెబ్బలు ఎక్కువ. అనంతగిరిది ఎర్రని మొరంనేల. గులకలు కాలికింద బండిచక్రాల్లా జారతాయి. రబ్బరు చెప్పులు పనికిరావు. అలాగని నిన్న కొన్న బూట్లతోనూ వెళ్ళకండి, బొబ్బలెక్కుతాయి. పదిరోజులు ఇంటి చుట్టూ తొడుక్కు తిరిగినవి అయితే మేలు.

మధుమేహం ఉన్నవారికి ప్రత్యేకంగా ఒక మాట. దర్శనమయ్యాక తిందామని ఉపవాసం ఉంటారు, మాత్ర మాత్రం మానరు. ఆపైన నడక! చెమటలు, వణుకు, మాట తడబాటు మొదలవుతాయి. తోడున్నవారు ఎండదెబ్బ అనుకొని గొడుగు పడతారు. ముందు బెల్లంముక్కో చక్కెరో తినిపించండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏదీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. ఇన్సులిను, రక్తపోటు మందులు వాడేవారు బయలుదేరేముందే మీ డాక్టరును అడగడం మంచిది.

ఎండదెబ్బ సంగతి వేరు. ఒళ్ళు కాలిపోతుంటుంది, మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటినిండా నీళ్ళు చల్లి విసరండి. ఆసుపత్రికి తీసుకువెళుతూ కూడా విసురుతూనే ఉండాలి.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏవీ వద్దు. కరిచిన కాలు కదలకుండా కర్రముక్కతో కట్టి, మనిషిని నడవనివ్వక మోసుకొచ్చి పెద్దాసుపత్రికి చేర్చండి. విరుగుడు ఇంజక్షను అక్కడే దొరుకుతుంది.

లోయల్లో సెల్‌ఫోను పలకదు. అందుకే ఏ దారిన వెళుతున్నదీ, ఎన్నింటికి తిరిగి వచ్చేదీ ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి. శిఖరం అల్లంత దూరంలో కనిపిస్తున్నా సరే, తెచ్చిన నీళ్ళు సగమయ్యాయంటే వెనక్కి తిరగండి.