కట్టడం వేరు, కట్టానని చెప్పడం వేరు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆదాయపు పన్ను మనం కట్టేది కాదు, మన జీతంలోంచి కోసుకొనేది. ఫిబ్రవరి జీతం చిక్కిపోయి చేతికి వచ్చినప్పుడు తప్ప బడిపంతుళ్ళకు ఆ పన్ను గుర్తుకు వచ్చేది కాదు. కోసే చేయి లేనప్పుడే అసలు పరీక్ష మొదలవుతుంది. తన ఆదాయాన్ని తానే ఊహించుకొని, తన పన్నును తానే వాయిదాలుగా పంపుకోవాలి.

కాలిఫోర్నియాలో ఉన్న మా అమ్మాయికి 2025లో ఆ స్థితి వచ్చింది. ఉద్యోగం వదలి సొంతంగా పని మొదలుపెట్టింది. అక్కడ ముందస్తు పన్ను రెండు చోట్ల కట్టాలి: ఒకటి కేంద్రానికి, రెండవది రాష్ట్రానికి. సికింద్రాబాదులో ఉన్న మనకు ఈ రెండవది వింతగా తోస్తుంది. మన రాజ్యాంగం వ్యవసాయేతర ఆదాయంపై పన్నును కేంద్రానికే ఇచ్చింది. రాష్ట్రాలకు దక్కినవి వ్యవసాయాదాయపు పన్నూ, ఏడాదికి 2,500 రూపాయలు మించని వృత్తి పన్నూ. అమెరికాలో టెక్సస్, ఫ్లోరిడా వంటి కొన్నిటిని మినహాయిస్తే చాలా రాష్ట్రాలు సొంతంగా ఆదాయపు పన్ను వసూలు చేస్తాయి.

వాయిదాల తీరు కూడా ఒకటి కాదు. కేంద్రానికి ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, మరుసటి జనవరి నెలలలో 15వ తేదీకి నాలుగు సమాన భాగాలు. కాలిఫోర్నియాకు ఏప్రిల్‌లో 30 శాతం, జూన్‌లో 40, సెప్టెంబరులో ఏమీ లేదు, జనవరిలో 30. మన దేశంలో జూన్ 15కు 15 శాతం, సెప్టెంబరుకు 45, డిసెంబరుకు 75, మార్చి 15కు నూరు శాతం పూర్తి కావాలి. వ్యాపారాదాయం లేని అరవై దాటినవారికి 2012 నుంచి ఈ ముందస్తు బాధ తప్పింది కనుక మారేడుపల్లిలోని నా తోటి పింఛనుదారులు ధన్యులు.

లెక్క వేసేందుకు అమ్మాయి టర్బోటాక్స్ వాడుతుంది. అది చివరకు రాష్ట్రానికి ఇంకా పెద్ద మొత్తం బాకీ ఉన్నట్లు చూపింది. పిల్లవాడి చదువుకని దాచిన సొమ్ము తీయవలసి వస్తుందేమోనని దిగులుపడి నాకు ఫోను చేసింది. అమెరికా పన్ను చట్టం నాకేమి తెలుసు? నాకు తెలిసినది కారకాలు. అవే అడిగాను.

కర్త ఎవరు? కట్టినది తన పేరనా, అల్లుడి పేరనా? సంప్రదానం ఎవరు? కేంద్రమా, రాష్ట్రమా? కర్మ, అనగా చెల్లించిన మొత్తం, ఎంత? అధికరణం ఏది, అంటే ఏ తేదీన? ఇక తాదర్థ్యం: ఏ సంవత్సరం కొరకు?

మూడవ ప్రశ్న దగ్గర ఒక సంగతి బయటపడింది. ముందు సంవత్సరపు లెక్క ముగించినప్పుడు సాఫ్టువేరు రాబోయే వాయిదాల చీటీలు ఇచ్చింది. జూన్ చీటీలో 3,200 డాలర్లని ఉంది. రావలసిన డబ్బు ఆలస్యమై ఆమె కట్టింది 2,000. చీటీ సంకల్పం మాత్రమే, చెల్లింపు కాదు. చూపవలసినది బ్యాంకు నుంచి నిజంగా వెళ్ళిన మొత్తమే. అక్కడ ఆమె సరిగానే 2,000 వ్రాసింది.

అసలు చిక్కు చివరి రెండు ప్రశ్నల మధ్య దాగి ఉంది. 2026 జనవరిలో కట్టిన 2,400 డాలర్లను ఆమె అసలు వ్రాయలేదు. "అది ఈ యేటిది కదా నాన్నా, వచ్చే లెక్కలో చూపాలి" అన్నది. క్రియ జరిగినది ఈ యేడు, కాని అది ఎవరి కొరకు? నిరుటి కొరకు. రాష్ట్రపు లెక్కలో ఆ సొమ్ము 2025 ఖాతాకే జమ. దానిని చేర్చగానే బాకీ అంతమేరకు తగ్గింది. దాచిన సొమ్ము దాచినట్లే ఉంది.

విచిత్రమేమంటే, అదే సొమ్ము కేంద్రపు లెక్కలో మరోలా నడుస్తుంది. రాష్ట్రానికి కట్టిన పన్నును అక్కడ తగ్గింపుగా చూపుకోదలచినవారికి కట్టిన తేదీయే ప్రమాణం. జనవరి చెల్లింపు 2026లోనే లెక్కకు వస్తుంది. డిసెంబరు 31లోగా కట్టి ఉంటే 2025లో వచ్చేది. ఒకే చెల్లింపు ఒకచోట తాదర్థ్యాన్ని బట్టీ, మరొకచోట అధికరణాన్ని బట్టీ నడుస్తుందన్నమాట. సాఫ్టువేరు ప్రతి వాయిదాకూ తేదీ విడిగా అడగడంలోని ఆంతర్యం ఇదే.

యజమాని కోసిన పన్ను అతడిచ్చే పత్రంలో ఉంటుంది. మనంతట మనం కట్టినది అటువంటి ఏ పత్రంలోనూ రాదు. యంత్రం గుణకార భాగహారాలలో పొరపడదు, కాని మనం చెప్పని చెల్లింపును అది ఊహించలేదు. అందుచేత రాష్ట్రపు పన్ను శాఖవారి సైటులో తన ఖాతా తెరిచి, వారి పద్దులో ఉన్నదీ తాను వ్రాసినదీ సరిపోల్చుకొమ్మన్నాను. మన పన్ను శాఖ సైటులో మన పద్దు చూసుకోవడం వంటిదే. మన చలానాలోనూ సంవత్సరం తప్పుగా ఎంచుకుంటే సొమ్ము ఖజానాకు చేరుతుంది కాని మన లెక్కకు చేరదు.

విదేశాలలో ఉన్న మిత్రులకు నా మనవి ఒక్కటే. వాయిదా కట్టిన రోజునే ఒక పుస్తకంలో అయిదు గడులు గీసి వ్రాసుకోండి: ఎవరు, ఎవరికి, ఎంత, ఎప్పుడు, ఏ సంవత్సరానికి. పది నెలల తరువాత జ్ఞాపకాన్ని నమ్ముకోవడం కంటే ఇది సుఖం. మీ మీ రాష్ట్రాలలో ఈ వాయిదాలు వేరే తీరుగా ఉంటే తెలియజేయగలరు. మా అమ్మాయికీ చెబుతాను.