మూడో తరం పేరు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు, పాత విద్యార్థులందరూ రాసినట్టే "కష్టపడి చదవండి తమ్ముళ్లారా" అని ఒక పేజీ రాశాం. చదువుకుని చింపేశాం. ఆ మాటలు మీరు ప్రతి ఆగస్టు 15కూ, జనవరి 26కూ వింటూనే ఉంటారు. అందుకని 2025 మే నెలలో మేమిద్దరం ఒకే బండి మీద కాళేశ్వరం పోయి, తాటిపత్రి కింద రెండు రాత్రులు పడుకుని వచ్చిన సంగతి రాస్తున్నాం.

మేమంటే ఇద్దరం. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే ఒకే ట్రంకుపెట్టె, ఒకే తాళం. సబ్బును కూడా దారంతో రెండు ముక్కలు కోసుకున్నవాళ్లం. 2024 చివర్లో మెస్ చార్జీలు పెంచి పెద్ద తరగతుల పిల్లలకు నెలకు 1,540 రూపాయలు చేశారు గానీ, అంతకుముందు 1,100 రూపాయలే. అందులో చారు ఎంత చిక్కగా ఉండేదో మీ అన్నలనడిగితే చెప్తారు. రాసేది ఒక్కడే అయినా ఈ హాస్టల్ గురించి "నేను" అని రాయబుద్ధి కాదు. ఒకడిది జనగామ పక్క ఊరు, ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాడు, ఎం.ఏ. చరిత్ర. ఇంకొకడిది మానుకోట వైపు. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా 2021 మేలో కరోనాతో నాయిన పోతే చదువు ఆపి ట్రాలీ ఆటో తోలుతున్నాడు. మేము పుట్టినప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. 2016 అక్టోబర్ 11న మూడు జిల్లాలయ్యాయి. బండి మీద పోతుంటే ఎక్కడ ఏ జిల్లా అయిపోయిందో బోర్డు చూస్తే తప్ప తెలియలేదు.

పోదామన్నది మా మిత్రుడు కాదు, వాళ్ల అమ్మ. మేము ఆమెను చిన్నమ్మా అని పిలుస్తాం. బృహస్పతి మిథున రాశిలోకి వచ్చినప్పుడు సరస్వతి నదికి పుష్కరాలు. పన్నెండేళ్లకొకసారి. 2025లో మే 15 నుంచి 26 దాకా కాళేశ్వరంలో జరిగాయి. గోదావరి, ప్రాణహిత కలిసేచోట సరస్వతి కంటికి కనిపించకుండా వచ్చి కలుస్తుందని నమ్మకం. "మీ నాయినకు దినాలు కూడ సక్కగ చెయ్యలే. ఆస్పత్రోళ్లు మొకం సూడనియ్యలే. మల్ల పుష్కరాల దాక నేనుంటనో లేదో. పోయి నీళ్లిడిసి రండి బిడ్డా" అన్నది చిన్నమ్మ.

మాకు ఇష్టం లేకపోయింది. చదివిన పుస్తకాలు ఒప్పుకోలేదు. "ఏప్రిల్ 14న బైక్ ర్యాలీల నీలిజెండ పట్టినం. నెల దాటంగనే పిండాలు పెడదామా?" అని ఫోన్లో అన్నాం. వాడు కాసేపు ఊకుండి, "జెండ నాదే. అమ్మ కూడ నాదే" అన్నాడు. ఆ మాటకు జవాబు ఇప్పటికీ మా దగ్గర లేదు.

బండి కిస్తీల మీద కొన్నది. ఇంకా ఆరు కిస్తీలున్నాయి. పెట్రోలు లీటరు 107 దాటి ఉంది. రానుపోను అయిదు వందల కిలోమీటర్లకు వెయ్యి రూపాయలు తీసి పక్కన పెట్టుకున్నాం. జనగామలో ఎక్కి పాలకుర్తి, తొర్రూరు మీదుగా సాయంత్రానికి మానుకోట వైపు చిన్నమ్మ ఇంటికి చేరాం. ఆమె జొన్నరొట్టెలు, మామిడికాయ తొక్కు, పులిహోర కట్టి, మిర్చి ఆరబోసే తాటిపత్రిని మడిచి బండి వెనక తాడుతో బిగించింది. ఏప్రిల్ 14 నాటి జెండా కర్రతో సహా బండికే ఉంది. తీసేద్దామా అంటే వాడు తీయనివ్వలేదు.

తెల్లారుజామున నాలుగింటికి బయలుదేరాం. గూడూరు, నర్సంపేట, మల్లంపల్లి, ములుగు. గణపురం దాటి చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపించేసరికి ఎండ నెత్తికెక్కింది. భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్ల వెనక పడితే ముఖాలు నల్లబడ్డాయి. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని చాలాసేపు నవ్వుకున్నాం. కాటారం నుంచి రోడ్డంతా బండ్లే. మొగుడూ పెండ్లాం, నడుమ పిల్ల, ముందర సంచి. ముగ్గురేసి కుర్రాళ్లు. ఎవరూ పిలవకుండానే అదొక పెద్ద ర్యాలీ అయింది. మహదేవ్‌పూర్ దాటాక బండి నడిచింది తక్కువ, నిలబడింది ఎక్కువ.

కాళేశ్వరంలో టెంట్ సిటీ అని గుడారాలు వేశారు. అవి మన జేబుకు కావు. పోలీసులు బండ్లను దూరంగా చేనులో ఆపించారు. మేము అక్కడే తాటిపత్రి ఒక కొసను హ్యాండిల్‌కు, ఇంకో కొసను వెనక క్యారియర్‌కు కట్టి, ఎదురుగా జెండా కర్రను పాతి దానికి ముడివేశాం. అదే మా గుడారం. పక్కన ఇట్లాంటివే పది, పన్నెండు. తాటిపత్రికి మిర్చి ఘాటు ఇంకా పోలేదు. కిందికి దూరగానే తుమ్ములు మొదలు. పక్కవాళ్ల పిల్లలు మేము ఎన్నిసార్లు తుమ్మామో లెక్కపెట్టారు.

పొయ్యి వెలిగిస్తున్న ఒక పెద్దాయన అడిగాడు, "ఏ ఊరు బిడ్డా? ఎవలు మీరు?" అని. ఆ రెండో ప్రశ్న అర్థం ఈ హాస్టల్లో ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు. వాడూ మేమూ ఒకేసారి "హాస్టలోళ్లం" అన్నాం. పెద్దాయన జెండా వైపు చూశాడు. "అట్లనా" అని మళ్లీ పొయ్యి ఊదుకున్నాడు. ఎవరూ చాప జరుపుకోలేదు. కాసేపటికి ఆయన భార్య ఇంత పచ్చిపులుసు పంపింది. అట్లా జరగకపోతే ఏం చేసేవాళ్లమో అని ఆ రాత్రి చాలాసేపు అనుకున్నాం.

నడిరాత్రి గాలిదుమారం లేచింది. వెంటనే వాన. తాటిపత్రి ఒక పక్క ముడి ఊడి కొట్టుకోసాగింది. బండి పడిపోకుండా వాడు ఒక చేత్తో సీటు, ఇంకో చేత్తో తాటిపత్రి పట్టుకున్నాడు. మేము రెండో కొస మీద కూర్చున్నాం. ముఖాలు కనబడని చీకట్లో వాడు అన్నాడు, "నాయిన సచ్చిపోయిన్నాడు నువ్వు రాలే."

నిజమే. 2021 మే 12 నుంచి లాక్‌డౌన్. పాసు దొరకదనీ, ఇంట్లో ముసలోళ్లున్నారనీ ఫోన్లో చెప్పాం. జనగామ నుంచి మానుకోట ఎనభై కిలోమీటర్లు. అదే లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసులకు సిగ్నల్ లేదని చేన్లెంబడి నాలుగు కిలోమీటర్లు నడిచి గుట్టెక్కిన రోజులున్నాయి. వాడు అప్పుడు ఏమీ అనలేదు. నాలుగేళ్ల తర్వాత వానలో అన్నాడు. "భయపడ్డం రా" అన్నాం. "ఎరుకే. నేను కూడ భయపడ్డ" అన్నాడు. ఇంకేం మాట్లాడుకోలేదు. ట్రంకుపెట్టె ఒకటే అయినా ఆ ఒక్కరోజు మేము ఇద్దరం కాము. ఈ వ్యాసంలో "మేము" అని రాసిన ప్రతిచోటా ఆ సంగతి గుర్తొస్తూనే ఉంది.

తెల్లవారి వాన వెలిసింది. నది దగ్గర నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. ఎండాకాలం ఆ చోట పారేది ఎక్కువగా ప్రాణహిత నీళ్లే. మహారాష్ట్ర నుంచి వార్ధా, వైన్‌గంగ కలిసి వచ్చే నది. అవతలి గట్టు సిరొంచ. స్నానాలు చేసి, గట్టు మీద వరుసగా కూర్చున్న పంతుళ్లలో ఒకరి దగ్గర కూర్చున్నాం. వాడు ముందర, మేము వెనక.

"గోత్రం?" అన్నాడు పంతులు. వాడు వెనక్కి తిరిగి చూశాడు. "తెల్వది" అన్నాం. "తెలియకపోతే కాశ్యప గోత్రమనండి" అన్నాడాయన. మాకంటే ముందు కూర్చున్నవాళ్లకూ అదే చెప్పాడు. తండ్రి పేరు అడిగితే వాడు చెప్పాడు. తాత పేరు చెప్పాడు. "తాత తండ్రి పేరు?"

వాడు మళ్లీ మా వైపు చూశాడు. ఎందుకు చూశాడో మాకు తెలుసు. చరిత్ర చదివేది మేమే. దొడ్డి కొమరయ్య కడవెండిలో చనిపోయింది 1946 జూలై 4న అని నిద్రలో లేపి అడిగినా చెప్తాం. కాకతీయుల్లో గణపతిదేవుడి తండ్రి, తాత పేర్లూ చెప్తాం. మా మిత్రుని తాత తండ్రి పేరు సరే, మా సొంత తాత తండ్రి పేరే మాకు తెలియదని అప్పుడు తట్టింది. పంతులు ఎదురుచూసి, ఏదో ఒక దేవుడి పేరు కలిపి మంత్రం ముందుకు నడిపాడు. మూడు ముద్దలు నీళ్లలో వదిలేటప్పుడు వాడు మూడోదాన్ని కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

ఆ రాత్రీ అక్కడే పడుకున్నాం. సాయంత్రం జనంలో నిలబడి హారతి చూశాం. తిరుగుదారిలో గణపురం దగ్గర ఆగి చాయ్ తాగుతూ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం సంగతి ఎత్తాం. ఇంటర్ పాసైతే చాలు, ట్రాలీ నడుపుకుంటూనే డిగ్రీ చేయొచ్చని. "కిస్తీలు అయిపోనియ్యి" అన్నాడు.

ఇంటికి పోగానే నీళ్ల సీసా చేతికిచ్చి మూడో పేరు అడిగాం. చిన్నమ్మకు తెలియదు. మాదిగవాడ చివర ఒక ముసలమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆమెకు చూపు లేదు. అడగగానే పేరు చెప్పింది. దొర గడికి చెప్పులు కుట్టిచ్చేవాడట, పైసా కూలి లేకుండ. ఎడమకాలు కుంటేదట. "గా ముసలోనితోని మీకేం పని?" అని అడిగింది. వాడు జేబులోంచి కిస్తీ రసీదు తీసి, వెనక వైపు ఆ పేరు రాసుకున్నాడు.

జనగామ వచ్చాక మా ఇంట్లో అడిగాం. నాయిన చాలాసేపు ఆలోచించి, "అందరు ముసలోడు అనే పిలిచేది" అన్నాడు. పాలకుర్తి పక్కన మేనత్త ఒకామె ఉంది, ఆమెకు గుర్తుంటే ఉండొచ్చన్నాడు. ఆ సంగతి ఫోన్లో చెప్తే మా మిత్రుడు, ఆదివారం ట్రాలీకి కిరాయి లేదు, బండేసుకొని పొద్దున్నే వస్తానన్నాడు.