ఏడో రౌండ్

నేను యూరప్ వెళ్ళొచ్చానని తెలిస్తే హాస్టల్లో ఎవరైనా మొదట అడిగేది ఈఫిల్ టవర్ గురించి. చూడలేదు. తర్వాత స్విట్జర్లాండ్ గురించి అడుగుతారు. అదీ చూడలేదు. "మరి ఏం చూశావురా?" అంటే, ఉన్నమాట చెప్పాలంటే, 64 గళ్ళు చూశాను. మిగతా యూరప్ అంతా మా అమ్మ చూసింది.

2019 జూలైలో చెక్ రిపబ్లిక్‌లోని పార్దుబిట్సె అనే ఊళ్ళో చెక్ ఓపెన్ ఆడటానికి వెళ్ళాం. మేమంటే నేను, అమ్మ, నా స్నేహితుడు, వాళ్ళ అమ్మానాన్నలు. మొత్తం ఐదుగురం. మా నాన్న షాపు వదిలి రాలేక గుంటూరులోనే ఉండిపోయారు. స్నేహితుడి పేరు రాద్దామనుకున్నా గానీ, రాస్తే ఊరుకోనని వాడే ఫోన్ చేసి చెప్పాడు. కాబట్టి ఇందులో వాడు చివరిదాకా 'వాడే'.

గుంటూరులో పిల్లాడు చెస్ బోర్డు ముందు కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు హరికృష్ణ పేరు, హారిక పేరు ఎత్తుతారు. హరికృష్ణ 2001లోనే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అప్పటికి మేమింకా పుట్టనే లేదు. వాడూ నేనూ మూడో తరగతి నుంచి ఒకే సార్ దగ్గర నేర్చుకున్నాం. ఆ గదిలో మేమిద్దరం ఎన్ని వందల గేములు ఆడుకున్నామో లెక్కలేదు. వాడే ఎక్కువ గెలిచేవాడు. అయినా అవన్నీ రేటింగ్ లేని గేములు, ఓడినవాడు సాయంత్రం పునుగులు కొనిపెడితే సరిపోయేది.

జూన్‌లోనే ఇంటర్‌లో చేరాం. నెలన్నర తిరక్కుండా 20 రోజులు సెలవు కావాలని అడిగితే కాలేజీలో ఏమన్నారో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. "చెస్ ఆడితే జేఈఈలో ర్యాంకొస్తుందా?" మా అమ్మ దానికి ఏ జవాబూ చెప్పకుండా లీవ్ లెటర్ టేబుల్ మీద పెట్టి వచ్చేసింది. వీసాకి మనిషికి 60 యూరోలు కట్టి, వేలిముద్రలిచ్చి, టోర్నీ వాళ్ళ ఆహ్వాన పత్రం జత చేసి ఎదురుచూశాం. ప్రయాణం ఇంకో రెండు రోజులుందనగా పాస్‌పోర్టులొచ్చాయి.

అసలు అంత దూరం ఎందుకు, మన దగ్గర టోర్నీలు లేవా అని అడగొచ్చు. ఉన్నాయి, బోలెడున్నాయి. కానీ మన దగ్గర 1500 రేటింగ్ ఉన్న పదేళ్ళ పిల్లాడు నిజానికి 2000 ఆట ఆడతాడు. వాడి రేటింగ్ వాడి ఆటని ఇంకా అందుకోలేదంతే. అలాంటి పిల్లాడి చేతిలో ఓడితే మన పాయింట్లు కుప్పలుగా పోతాయి. పైగా టైటిల్ కోసం నార్మ్ కావాలంటే ప్రత్యర్థుల్లో టైటిల్ ఉన్నవాళ్ళు ఉండాలి, వేరే దేశాల వాళ్ళూ ఉండాలి. యూరప్‌లో అయితే వేసవంతా ఏదో ఒక ఊళ్ళో ఓపెన్ జరుగుతూనే ఉంటుంది, రైలెక్కి ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవచ్చు. అందుకే మనవాళ్ళు అప్పులు చేసి మరీ అక్కడికి వెళ్తారు. వెళ్ళాక తెలిసిందేమిటంటే, అందరూ ఇదే లెక్క వేసుకుని వచ్చారు. మొదటిరోజు ఆటగాళ్ళ జాబితా తెరిస్తే ఎక్కడ చూసినా మన జెండాలే.

అప్పటికి నా రేటింగ్ 2022, వాడిది 2162. వాడి కన్ను 2300 మీద ఉంది. 2300 దాటితే ఫిడే మాస్టర్ టైటిల్ వస్తుంది, పేరు ముందు రెండక్షరాలు చేరతాయి. వాడి కన్ను అనడం కంటే అంకుల్ కన్ను అనాలేమో. ఆయన ఈ ప్రయాణం కోసం ఊళ్ళో ఉన్న చిన్న స్థలం అమ్మేశారన్న సంగతి నాకప్పుడు తెలియదు, కానీ మా అమ్మకి తెలుసు.

పార్దుబిట్సె ప్రాగ్ నుంచి రైల్లో గంట దూరం. స్టేషన్‌కి దగ్గర్లో రెండు గదుల ఫ్లాటు అద్దెకి తీసుకున్నాం. ఒక గదిలో అమ్మా ఆంటీ, ఇంకో గదిలో అంకుల్, హాల్లో సోఫా విప్పితే మంచం అయ్యేది, దానిమీద మేమిద్దరం. రైస్ కుక్కర్, కందిపొడి, గోంగూర పచ్చడి, ఆవకాయ అన్నీ సూట్‌కేసుల్లో వచ్చాయి. నిజానికి మా సామానులో బట్టల కంటే తిండి బరువే ఎక్కువ. బయట శాకాహారం అంటే నూనెలో వేయించిన జున్నుముక్క, బంగాళాదుంపలు. రెండురోజులు బాగానే తిన్నాం. మూడోరోజు అంకుల్ "ఇంక నావల్ల కాదమ్మా" అని కుక్కర్ ముందు కూర్చున్నారు. సూపర్‌మార్కెట్లో పెరుగు కోసం అమ్మ నాలుగు రకాల డబ్బాలు కొని రుచి చూసి, ఒకదాన్ని ఖాయం చేసింది. తిరిగొచ్చేదాకా అదే డబ్బా, వేరేది కొననివ్వలేదు.

ఆట జరిగేది ఒక పెద్ద ఐస్ హాకీ స్టేడియంలో. మంచు తీసేసిన నేలమీద వరసలు వరసలుగా బల్లలు, వందలమంది ఆటగాళ్ళు, అయినా చెప్పులు ఈడ్చిన శబ్దం కూడా వినిపించేంత నిశ్శబ్దం. లోపలికి ఫోన్లు తేకూడదు. మొదటి 40 ఎత్తులకి గంటన్నర, తర్వాత ఇంకో అరగంట, ఎత్తుకి 30 సెకన్లు అదనం. ఒక్కో గేము నాలుగున్నర, ఐదు గంటలు పట్టేది. మధ్యాహ్నం లోపలికి వెళ్తే సాయంత్రానికి బయటపడేవాళ్ళం. పొద్దున్నంతా లాప్‌టాప్ ముందు కూర్చుని ఆరోజు ప్రత్యర్థి పాత గేములు చూసుకోవడమే. ఇంక ఊరు చూసేదెప్పుడు?

ఆ ఐదు గంటలూ అమ్మావాళ్ళు బయట. మొదట్లో స్టేడియం మెట్లమీదే కూర్చునేవాళ్ళు. అక్కడ చెన్నై అమ్మలు, పుణె అమ్మలు, ఒక ఇరాన్ ఆవిడ, ఎవరి డబ్బా వాళ్ళు విప్పుకుని, ఏ భాషా సరిగ్గా కలవకుండానే గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళట. తలుపులోంచి ఒక్కో పిల్లాడు బయటికొస్తుంటే వాడి నడక చూసి గెలిచాడో ఓడాడో చెప్పేసేవాళ్ళు. మా అమ్మకి చెస్‌లో గుర్రం ఎలా నడుస్తుందో ఇప్పటికీ తెలియదు. నా నడక మాత్రం ఒక్కసారి కూడా తప్పు చదవలేదు.

తర్వాత అమ్మా ఆంటీ ఊరిమీద పడ్డారు. ఒకరోజు రాత్రి అన్నం తింటుంటే అమ్మ అంది, "ఒరేయ్, ఇక్కడి కోటలో నెమళ్ళున్నాయిరా." మేం నమ్మలేదు. ఫోన్‌లో ఫోటో చూపించింది. అచ్చం మన నెమళ్ళే, కోట చుట్టూ ఉన్న మట్టిగట్టు మీద దర్జాగా తిరుగుతున్నాయి. అంకుల్ కూడా ఫోటో తీసుకుని దగ్గరగా చూశారు. "వీటికి వీసా ఎవరిచ్చారో" అంది ఆంటీ. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళలో మేం ఐదుగురం కడుపారా నవ్వింది అప్పుడే.

ఆరో రౌండ్ అయ్యేసరికి ఇద్దరికీ మూడేసి పాయింట్లు. ఆ రాత్రి తర్వాతి రౌండ్ జతలు నెట్లో పెట్టారు. వాడు సోఫామీద పడుకుని ఫోన్‌లో చూసి, ఏమీ అనకుండా నా చేతికిచ్చాడు. ఏడో రౌండ్‌లో నాకు తెల్లపావులు. ఎదురుగా వాడు.

స్విస్ పద్ధతిలో దీనికి ఎవరూ ఏం చేయలేరు. సమానమైన పాయింట్లున్నవాళ్ళని జత చేసుకుంటూ పోతుంది. మీరిద్దరూ ఒకే విమానంలో వచ్చారా, ఒకే సోఫామీద పడుకుంటున్నారా అన్నది సాఫ్ట్‌వేర్‌కి అనవసరం. రేటింగ్ లెక్క ఇంకా కటువుగా ఉంటుంది. మా మధ్య తేడా 140. అంటే వాడు నాతో ఆడితే 0.69 పాయింటు తెచ్చుకోవాలని లెక్క. మా వయసుకి, మా రేటింగ్‌కి గుణకం 40. వాడు గెలిస్తే వాడికి 12.4 పెరుగుతాయి, నాకు 12.4 తగ్గుతాయి. డ్రా అయితే వాడి 7.6 నాకొస్తాయి. నేను గెలిస్తే వాడివి 27.6 పోయి నాకొస్తాయి. బయటినుంచి ఒక్క పాయింటు రాదు. మా ఫ్లాటులో ఉన్నదే ఈ గదిలోంచి ఆ గదిలోకి పోతుంది.

పొద్దున్నే టిఫిన్ దగ్గర అమ్మ అంది, "చెరి సగం తీసుకుని వచ్చేయండిరా. నలుగురం కలిసి కోట చూద్దాం." ఆంటీ ఏమీ మాట్లాడలేదు. అంకుల్ ఉప్మా కలుపుతూ, తల ఎత్తకుండా, "అలా కాదమ్మా. ఇంతదూరం వచ్చింది ఆడటానికి. ఆడనివ్వండి" అన్నారు. మెల్లగానే అన్నారు. తర్వాత వాడు లాప్‌టాప్ తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. తొమ్మిదేళ్ళ స్నేహంలో వాడు నాకు తలుపు వేయడం అదే మొదలు. వేసి ఏం చూస్తాడు? నేను ఏం ఆడతానో వాడికి తెలుసు, వాడు ఏం ఆడతాడో నాకు తెలుసు. నేను హాల్లో కూర్చుని ఏమీ చూడలేదు.

అమ్మావాళ్ళు ఆరోజు స్టేడియం దగ్గర ఉండలేమని, ఊరి బయట కొండమీదున్న కునెటిత్స్కా హోరా కోటకి వెళ్ళిపోయారు. ఆ కొండకింద తేనె, మసాలా వేసి చేసే కేకుల మ్యూజియం ఒకటుంది. ఆ కేకులకి ఆ ఊరు ప్రసిద్ధి. అంకుల్ మాత్రం మెట్లమీదే కూర్చున్నారు, ఐదు గంటలూ.

గేము గురించి ఎక్కువ రాయను, సగం మందికి బోర్ కొడుతుంది. కరచాలనం చేసుకున్నాం. అది కూడా కొత్తగా అనిపించింది, మేమెప్పుడూ చేతులు కలిపి ఆడలేదు. గుంటూరులో ఆడినప్పుడల్లా వాడు వేసే ఓపెనింగే వేశాడు. 20 ఎత్తులదాకా ఇద్దరికీ కొత్త ఏమీ లేదు. తర్వాత పావులన్నీ మారిపోయి చెరొక రూక్ మిగిలాయి, నాకొక బంటు ఎక్కువ. అలాంటివి చాలావరకు డ్రా అవుతాయి. 38వ ఎత్తు తర్వాత వాడు తల ఎత్తి చూశాడు. డ్రా అడుగుతాడనుకున్నా. అడగలేదు. నేనూ అడగలేదు. నాలుగో గంట దాటాక వాడి గడియారంలో 30 సెకన్లే మిగులుతూ వచ్చాయి. ప్రతి ఎత్తూ ఆ అరనిమిషంలోనే. 57వ ఎత్తులో రాజు అటు పోవాల్సింది ఇటు వచ్చింది. నేను చూశాను. నేను చూసినట్టు వాడూ చూశాడు. ఇంకో పది ఎత్తులు ఆడి గడియారం ఆపాడు.

బయటికొచ్చేసరికి అంకుల్ లేచి నిలబడ్డారు. ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. "ఆకలేస్తోందా?" అని ఇద్దర్నీ కలిపి అడిగారు. ఎనిమిదైనా ఇంకా ఎండ ఉంది. ఇంటిదాకా ముగ్గురం నడిచాం, ఒక్క మాట లేదు.

ఆ రాత్రి ఆంటీ పప్పు వండింది. అందరికీ వడ్డించింది, నాకూ వడ్డించింది, నెయ్యి కూడా వేసింది. అమ్మ కేకుల మ్యూజియం గురించి చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. ఏం తిన్నామో గుర్తుంది గానీ ఎలా తిన్నామో గుర్తులేదు. నేను గెలిచినందుకు నాకు సంతోషంగానే ఉంది. అది అబద్ధం చెప్పను. ఆ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు. నాన్నకి ఫోన్ చేసి చెబుదామంటే ఆ రెండు గదుల ఇంట్లో గట్టిగా మాట్లాడే చోటు లేదు. మెసేజ్ పెట్టాను.

రాత్రి ఒంటిగంటప్పుడు వాడు లేచి కూర్చున్నాడు. "57లో రాజు జీ-ఫైల్‌లోకి వెళ్తే?" అన్నాడు. నేనూ పడుకోలేదు. వంటింట్లో స్టవ్ మీది చిన్నలైటు వేసుకుని, కుక్కర్ పక్కకి జరిపి, బోర్డు పెట్టాం. ఒక గంటన్నర వెతికాం. అటు వెళ్తే డ్రా. ఏ రకంగా వెతికినా డ్రానే. "సరే" అన్నాడు వాడు, పావులు డబ్బాలో వేస్తూ. "గుంటూరెళ్ళాక పునుగులు నీవే" అన్నాను. "ఓడింది నేనురా, కొనాల్సింది నేను" అన్నాడు.

మిగిలిన రెండు రౌండ్లలో వాడు ఒకటి గెలిచి ఒకటి డ్రా చేశాడు, నేను రెండూ ఓడాను. వాడి దగ్గర తీసుకున్న 27.6లో సగానికి పైగా అక్కడే వదిలేసి వచ్చాను. వాడు 2300 ఆ ఏడాది దాటలేదు. తర్వాతి ఏడాది టోర్నీలే లేవు, ఎందుకో అందరికీ తెలుసు. నేను ఆపేశాను. వాడు ఇంకా ఆడుతున్నాడు.

టోర్నీ అయ్యాక నాలుగు రోజులు మిగిలాయి. ప్రాగ్‌లో ఒకరోజు తిరిగి, అక్కడి 1410 నాటి గడియారం ముందు అందరిలాగే తలెత్తి నిలబడ్డాం. అస్థిపంజరం గంట కొట్టడం అమ్మకి అస్సలు నచ్చలేదు. అక్కడినుంచి బుడాపెస్ట్‌కి రైలు. మూడు దేశాలు దాటాం, పాస్‌పోర్టు ఒక్కరూ అడగలేదు. చివర్లో కొంతదూరం డాన్యూబ్ నది పక్కనే వెళ్తుంది రైలు. అంకుల్ ఆ కిటికీ దగ్గరే నిలబడిపోయారు. మొత్తం ప్రయాణంలో ఆయన ఏదైనా 'చూడటం' నేను చూసింది ఆ కాసేపే.

బుడాపెస్ట్‌లో సేచెని స్నానాల దగ్గర వేడినీళ్ళ కొలనులో మెడలోతు మునిగి పెద్దాయనలు చెస్ ఆడతారని ఎప్పట్నుంచో వింటున్నాం. నిజమే, ఆడుతున్నారు. అమ్మావాళ్ళు నీళ్ళలోకి రామని బయట పార్కులో కూర్చున్నారు. మేమిద్దరం దిగాం. డెబ్భై దాటిన ఒకాయన మమ్మల్ని చూసి బోర్డు వైపు చెయ్యి చూపించాడు. గడియారం లేదు, రేటింగ్ లేదు, ఆయన ఎవరో తెలియదు. ముందు వాడు ఆడి ఓడిపోయాడు. తర్వాత నేను కూర్చున్నాను, అంటే నిలబడ్డాను. పాతిక ఎత్తుల్లో పని అయిపోయింది. ఆయన తడిచేత్తో ఇద్దరికీ కరచాలనం చేసి, పావులు మళ్ళీ పేర్చుకుంటున్నాడు. వాడు నీళ్ళలోంచి నావైపు తిరిగి, "నాతో ఆడినట్టు ఈయనతో ఆడలేదేంట్రా?" అన్నాడు.